అన్నం మానితే బరువు తగ్గుతుందా, కేలరీలు తగ్గితేనా?

ప్రశ్న: పాలకొల్లు వాసి

అందరికీ నమస్కారం. నా వయసు నలభై ఆరు, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. ఎరువుల దుకాణంలో లెక్కలు చూసే పని కాబట్టి ఉదయం నుంచి రాత్రి వరకు కుర్చీలోనే గడుస్తుంది. రక్తంలో చక్కెర ఇంకా హద్దు దాటలేదని, పొట్ట తగ్గించుకోకపోతే మాత్రం దాటడానికి ఎంతో కాలం పట్టదని డాక్టరుగారు చెప్పడంతో, రాత్రి పూట అన్నం మానేసి చపాతీలు మొదలుపెట్టాను. మొదటి వారంలో కిలోన్నర తగ్గింది. ఆ తరువాత ముల్లు కదలలేదు, ఇప్పుడు మెల్లగా పాత అంకె వైపే వస్తోంది.

బరువంటే తిన్న కేలరీల లెక్క తప్ప మరేమీ కాదని కొందరు, కేలరీల మాట వదిలేసి ఏ రకం ఆహారం తింటున్నామో చూసుకోవాలని మరికొందరు అంతే గట్టిగా చెబుతున్నారు. మా నాన్నగారు మూడు పూటలా అన్నమే తిన్నారు. పొద్దున్నే చద్దన్నం, మధ్యాహ్నం పప్పుతోనో చేపల పులుసుతోనో కంచం నిండా, రాత్రి మళ్ళీ అన్నం, చివర మజ్జిగ. ఆయనకు ఏనాడూ పొట్ట లేదు. అదే అన్నం నాకు ఎందుకు వంటబట్టడం లేదు, లేక మరీ ఎక్కువగా వంటబడుతోందా?

నా తిండి వివరం కూడా చెప్పడం మంచిది. ఉదయం ఇడ్లీ గాని, ఉప్మా పెసరట్టు గాని. మధ్యాహ్నం పప్పు, కూర, పచ్చడి, పెరుగుతో అన్నం. రోజుకు నాలుగు టీలు. సాయంత్రం దుకాణం ఎదురుగా వేసే పునుగులో, మిరపకాయ బజ్జీలో. రాత్రి నాలుగు చపాతీలు, కుర్మా. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: రాజమహేంద్రవరం నుంచి ఒక విశ్రాంత పోషకాహార అధ్యాపకురాలు

పాలకొల్లు వాసి గారికి, సిద్ధాంతాల జోలికి వెళ్ళే ముందు మీ రాత్రి భోజనాన్ని తూకం వేసి చూద్దాం. (మనం మాటల్లో కేలరీ అనేది నిజానికి కిలోకేలరీ, ఇక్కడ నేనూ వాడుక ప్రకారమే రాస్తున్నాను.)

వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి. వంద గ్రాముల గోధుమపిండిలో సుమారు 330. అంటే శక్తి విషయంలో ఈ రెండింటికీ చెప్పుకోదగినంత తేడా లేదు. బియ్యం ఉడికేటప్పుడు నీరు పీల్చుకుని రెండున్నర నుంచి మూడు రెట్లు బరువెక్కుతుంది కాబట్టి వంద గ్రాముల అన్నంలో 130 కేలరీలే ఉంటాయి. మీరు ఇదివరకు రాత్రి 350 గ్రాముల అన్నం తినేవారనుకుంటే అది దాదాపు 455 కేలరీలు. ఇప్పుడు చపాతీకి 35 గ్రాముల పిండి చొప్పున నాలుగింటికి 140 గ్రాములు, అంటే దాదాపు 460. ఇక్కడికి సరిసమానం. అయితే అన్నం మీద ఎవరూ నూనె పొయ్యరు, చపాతీని మాత్రం మన ఇళ్ళలో పుల్కాలా కాల్చడం తక్కువ. పెనం మీద ఇటొక చెంచా, అటొక చెంచా పడుతుంది. ఒక్కో చపాతీకి మొత్తం మీద ఒక చిన్న చెంచా నూనెనే లెక్కలోకి తీసుకున్నా, దానికి 40 కేలరీలు, నాలుగింటికి 160. దాంతో 455 ఉన్న చోట 620 అయింది. పైగా అన్నంలోకి చారు, మజ్జిగ సరిపోయేవి. చపాతీలోకి కుర్మా కావలసి వచ్చింది, ఆ కుర్మాలోకి కొబ్బరి, జీడిపప్పు ముద్ద వచ్చి చేరాయి. అన్నం మానినందువల్ల మీ రాత్రి భోజనం తేలిక కాలేదు, బరువెక్కింది.

నూనెకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఒక గ్రాము పిండిపదార్థం గాని మాంసకృత్తులు గాని సుమారు 4 కేలరీలు ఇస్తే, ఒక గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. (మద్యం 7 ఇస్తుంది, అడగకపోయినా చెబుతున్నాను.) ఈ అంకెలు 19వ శతాబ్దం చివర అమెరికాలో ఆట్వాటర్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల నుంచి వచ్చినవి. ప్యాకెట్ల మీద అచ్చు వేసే లెక్కలకు ఇప్పటికీ ఇవే ఆధారం.

మొదటి వారంలో తగ్గిన కిలోన్నరలో ఎక్కువ భాగం నీరే అయి ఉంటుంది. కాలేయంలోను, కండరాలలోను పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో కొన్ని వందల గ్రాములు నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా ఉంటుంది. కొత్త ఉత్సాహంలో తిండి తగ్గించినప్పుడు ముందు ఈ నిల్వ కరిగి నీరు బయటకు పోతుంది, ముల్లు చప్పున దిగుతుంది. మళ్ళీ మామూలుగా తినగానే అంత చప్పునా తిరిగి వస్తుంది. కొవ్వు కరగడానికి ఆ వేగం ఉండదు.

ఇక మీ నాన్నగారి సంగతి. ఆయన తిన్న అన్నం మీరు తినే అన్నం కంటే ఎక్కువే అయి ఉంటుంది, కాని గట్ల మీద నడక, సైకిలు, నాట్లు, కోతలు, కుప్పనూర్పిళ్ళు అన్నీ ఒంటితోనే జరిగిన రోజులవి. ఇప్పుడు కోతకు యంత్రం వస్తోంది, పక్క వీధికి కూడా బండి మీదే వెళుతున్నాం. ఆయన రోజంతా పొలంలో ఖర్చు పెట్టిన శక్తికి తగినట్టు కంచం నిండేది. ఆ పొలం పని మీకు లేదు, కంచం పరిమాణం మాత్రం వారసత్వంగా వచ్చింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది: బరువు పెరగడాన్ని, తగ్గడాన్ని నిర్ణయించేది కేలరీల లెక్కే. ఆహారపు రకం చేసే పని వేరు. మనం చాలనుకునే లోపల ఎన్ని కేలరీలు లోపలికి వెళ్ళాయన్నది దాని మీద ఆధారపడుతుంది.

జవాబు: భీమవరం చెరువుల వ్యాపారి

అధ్యాపకురాలు గారి లెక్కలు చక్కగా ఉన్నాయి గాని, నా అనుభవం వేరుగా ఉంది. కొన్నేళ్ళ క్రితం అన్నం మానేసి కొబ్బరినూనె, గుడ్లు, మాంసం తినే పద్ధతి మన జిల్లాలలో ఇంటింటా నడిచిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. నేనూ కొబ్బరినూనె తాగే జోలికి పోకుండా అన్నం, చపాతీ, పంచదార మూడూ మానేసి, రొయ్యలు, కొరమేను, గుడ్లు, ఆకుకూరలు కడుపునిండా తిన్నాను. ఒక్క కేలరీ కూడా లెక్కపెట్టలేదు. ప్యాంట్లన్నీ కుట్టించుకోవలసినంతగా తగ్గాను. రెండు తాపేశ్వరం కాజాలలో ఎన్ని కేలరీలు ఉంటాయో అన్నే కేలరీల కొరమేను కూర తింటే రెండూ ఒంట్లో ఒకేలా పని చేస్తాయంటే నేను నమ్మలేను. అన్నం తిన్నప్పుడు ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతుందని, అదే కొవ్వును పేరుస్తుందని అంటారు కదా. అప్పుడు కేలరీల కంటే రకమే ముఖ్యం కావాలి.

జవాబు: రాజమహేంద్రవరం అధ్యాపకురాలు

భీమవరం వారి అనుభవాన్ని కాదనను. దానికి ఇచ్చిన కారణంతోనే నాకు పేచీ.

కొరమేను, రొయ్యలు మాంసకృత్తులు ఎక్కువగా, కొవ్వు తక్కువగా ఉండే ఆహారం. మాంసకృత్తులను జీర్ణం చేసుకుని వాడుకోవడానికే వాటి శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది. పిండిపదార్థాలకు అది 5 నుంచి 10 శాతం, కొవ్వుకు దాదాపు 3 శాతం లోపే. అంతకంటే పెద్ద విషయం కడుపు నిండిన భావన. 1995లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో సుసానా హోల్ట్ బృందం 38 రకాల ఆహారాలను, ఒక్కొక్కటి 240 కేలరీల మేరకు మనుషులకు పెట్టి, రెండు గంటల పాటు ఆకలి ఎంత అణిగిందో కొలిచింది. తెల్ల బ్రెడ్డును 100గా తీసుకుంటే తెల్లన్నానికి 138, చేపకు 225, ఉడికించిన బంగాళాదుంపకు ఏకంగా 323 వచ్చాయి. వెన్న పొరలతో చేసే క్రోసాకు 47. మన కాజాను వాళ్ళు కొలవలేదు గాని, మైదాను మడతలు వేసి, నూనెలో దేవి, పాకంలో ముంచిన వంట ఆ వరుసలో ఎక్కడ నిలుస్తుందో ఊహించడం కష్టం కాదు. మీరు కేలరీలు లెక్కపెట్టకపోయినా తగ్గారంటే, కొరమేనే ఆ లెక్క చూసుకుందన్నమాట.

ఇన్సులిన్ వాదాన్ని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం నేరుగానే పరీక్షించింది. 2021లో ప్రచురితమైన ఆ ప్రయోగంలో ఇరవై మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు పిండిపదార్థాలు ఎక్కువగా, కొవ్వు చాలా తక్కువగా ఉన్న శాకాహారం, మరో రెండు వారాలు పిండిపదార్థాలు చాలా తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉన్న మాంసాహారం ఎవరికి కావలసినంత వారిని తిననిచ్చారు. పిండిపదార్థాలు తిన్న వారాలలో రక్తంలో చక్కెర, ఇన్సులిన్ ఎక్కువగా పెరిగాయి. అయినా ఆ వారాలలోనే వారు రోజుకు సుమారు 690 కేలరీలు తక్కువ తిన్నారు, ఒంట్లో కొవ్వు గణనీయంగా తగ్గిందీ అప్పుడే. అలాగని దీర్ఘకాలంలో కొవ్వు తగ్గించిన భోజనమే గెలుస్తుందని కూడా చెప్పలేం. స్టాన్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయంలో 609 మందిని ఏడాది పాటు పరిశీలించి 2018లో వెలువరించిన అధ్యయనంలో, కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. గణాంకాల ప్రకారం అది తేడా కిందికి రాదు. రెండు గుంపుల వారికీ కేలరీలు లెక్కపెట్టమని చెప్పలేదు, పంచదార, మైదా లాంటివి మాని కూరగాయలు పెంచమని మాత్రం చెప్పారు. సగటు అలా ఉన్నా, ఒక్కో గుంపులోనూ బాగా తగ్గినవారూ ఉన్నారు, పెరిగినవారూ ఉన్నారు. అందుకే తమకు పనికివచ్చిన పద్ధతే లోకానికంతటికీ మందు అని చెప్పేవారిని నేను అంతగా నమ్మను.

రకం ఎంత పని చేస్తుందో చూడాలంటే అదే హాల్ బృందం 2019లో వెలువరించిన ఫలితం చాలు. కర్మాగారాలలో విపరీతంగా శుద్ధి చేసి తయారుచేసిన తిండి ఒక పక్క, ఇంటి వంట లాంటి తిండి ఒక పక్క పెట్టి, వడ్డించిన కేలరీలు, పంచదార, కొవ్వు, పీచు అన్నీ సమానంగా ఉండేలా చూశారు. ఎవరికి తోచినంత వారు తిన్నారు. మొదటి రకం తిన్న రెండు వారాలలో రోజుకు సుమారు 500 కేలరీలు అధికంగా తిని 0.9 కిలో పెరిగారు. రెండో రకం తిన్న రెండు వారాలలో 0.9 కిలో తగ్గారు. ఇష్టం రెండింటి మీదా దాదాపు సమానమేనని వాళ్ళే చెప్పారు. చిప్సు ప్యాకెట్టు, బిస్కెట్లు, సీసా పానీయాలు ఇంట్లోకి ఎంత మెల్లగా చేరాయో ఆలోచిస్తే నాకు కాజా మీద కోపం రాదు. కాజా ఎప్పుడో పెళ్ళికో, ప్రయాణానికో వస్తుంది.

భీమవరం వారి మాటలు చదివి అన్నం ఒక్కసారిగా మానేద్దామనుకునే మధుమేహులకు ఒక హెచ్చరిక. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే కొన్ని రకాల మాత్రలు గాని వాడుతూ అన్నం హఠాత్తుగా ఆపితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టరును అడిగి, మందు మోతాదు మార్పించుకున్న తరువాతే అలాంటివి చెయ్యాలి.

జవాబు: అంబాజీపేట గృహిణి

పెద్దలందరూ పరిశోధనల గురించి మాట్లాడుతున్నారు, నేను నూనె క్యాన్ గురించి మాట్లాడతాను. కంచంలో అన్నం ఎంత పడిందో తినేవారికి కనిపిస్తుంది, కూరలో నూనె ఎంత పడిందో వండేవారికి తప్ప తెలియదు. తెలుసుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. నెలకు మీ ఇంట్లో ఎన్ని లీటర్ల నూనె ఖర్చవుతోందో చూసి, మనుషుల సంఖ్యతో, ఆపైన ముప్పైతో భాగించండి. నలుగురున్న ఇంట్లో నాలుగు లీటర్లు అయితే తలకు రోజుకు 33 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 30 గ్రాములు, 270 కేలరీలు. ఇందులో బయట తిన్న పునుగులు, బజ్జీలు లేవు, నెయ్యి లేదు, ఆవకాయ మీద తేలే నూనె లేదు.

మా కోనసీమ వారికి ఇంకొక లెక్క కూడా ఉంది. కొబ్బరి దొడ్లోనే కాస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ నూనెలో జమ కట్టరు. పచ్చి కొబ్బరి వంద గ్రాములలో 350 కేలరీలకు పైగా ఉంటాయి, అందులో మూడో వంతు బరువు కొవ్వే. ఉదయం ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడి, మధ్యాహ్నం అరటికాయ కూరలో కోరు, రాత్రి కుర్మాలో ముద్ద. ఒక్కొక్కటీ కొంచెమే, కాని పొద్దు గూకేసరికి ఒక చిప్ప అయిపోతుంది. బొండాం నీళ్ళకు మాత్రం ఈ నింద లేదు, వంద మిల్లీలీటర్లకు 20 కేలరీల దగ్గరే ఉంటుంది.

కంటిని మోసం చేసే వంటలలో ఆత్రేయపురం పూతరేకును మించింది లేదు. ఆ బియ్యపు రేకు చూస్తే ఊదితే ఎగిరిపోయేలా ఉంటుంది, నోట్లో పెట్టగానే కరిగిపోతుంది, తిన్నట్టే ఉండదు. రేకుకు బరువు లేని మాట నిజమే. బరువంతా మడతల మధ్య రాసిన నేతిలోను, చల్లిన పంచదార పొడిలోను ఉంది. వద్దని నేను అనను, మా ఇంటికి చుట్టాలు వస్తే నేనూ తెప్పిస్తాను. తేలికగా ఉంది కదా అని మూడోది తీసుకునేవారిని మాత్రం ఆపుతాను.

మా వంటలో చేసిన మార్పు ఒకటే చెబుతాను. నూనె సీసాతో నేరుగా మూకుట్లో వంచడం మానేసి, ఉదయాన్నే ఆ రోజు వంటకు కావలసిన నూనె ఒక చిన్న గిన్నెలోకి కొలిచి పెట్టుకుంటున్నాను. వంకాయ ముందు ఆవిరి మీద మగ్గించి ఆఖరున తాలింపు వేస్తే సగం నూనె సరిపోతుంది. బెండకాయ మాత్రం అలా కుదరదు, జిగురుగా ముద్దయిపోతుంది. చేపల పులుసులో మొదట్లో పైకి నూనె తేలలేదని ఇంట్లో మగవారు కొంత గొణిగారు. పులస వండిన రోజు ఆ గొణుగుడు లేదు, ఆ చేపలోనే బోలెడంత నూనె ఉంటుంది. పాలకొల్లు వాసి గారు కూడా ఇవన్నీ చదివి ఊరుకోకుండా, గరిటె ఎవరి చేతిలో ఉందో వారితో కూర్చుని మాట్లాడటం మంచిది.

ప్రశ్న వేసినవారు: పాలకొల్లు వాసి

అందరికీ కృతజ్ఞతలు. మా ఆవిడకు ఈ జవాబులు చదివి వినిపించాను. చపాతీల మీద నూనె వెయ్యమన్నది నేనేనని గుర్తుచేసింది. రాత్రికి మళ్ళీ అన్నమే, కాకపోతే తక్కువగా, పప్పు, కూర ఎక్కువగా తినాలనుకుంటున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. సన్నబియ్యం మాని మరో రకం బియ్యంగాని, కొర్రలుగాని, చద్దన్నంగాని తింటే ఏమైనా లాభం ఉంటుందా? రోజుకు రెండు మూడు వందల కేలరీలు తగ్గిస్తే ఎంత కాలానికి ఎంత తగ్గుతానని ఆశించవచ్చు?

జవాబు: మారుటేరు దగ్గరి రైతు

బియ్యం రకం గురించి నేను చెప్పగలను. మన మారుటేరు పరిశోధనా కేంద్రం 1982లో విడుదల చేసిన ఎమ్‌టీయూ 7029, అంటే స్వర్ణ, దేశమంతటా ఎన్ని లక్షల ఎకరాలలో పండిందో అందరికీ తెలుసు. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు 235 రకాల బియ్యం తీసుకుని, తిన్న తరువాత రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచికను లెక్కగట్టి 2012లో ప్రకటించారు. అది 48 నుంచి 92 వరకు ఉంది, సగటు 64. తక్కువ వర్గంలో నిలిచిన వాటిలో స్వర్ణ ఒకటి. విచిత్రం ఏమిటంటే, దాన్ని పుట్టించిన డెల్టాలో మనం స్వర్ణ పండించి అమ్ముకుని, తినడానికి సన్నరకాలు కొనుక్కుంటాం. గింజ లావని, తెల్లగా లేదని కారణం చెబుతాం. చక్కెర హద్దు దగ్గరికి వచ్చినవారు ఒక బస్తా తెచ్చుకుని చూడటంలో నష్టమేమీ లేదు.

జవాబు: రాజమహేంద్రవరం అధ్యాపకురాలు

రైతుగారు చెప్పింది సరైనదే, దానికి ఒక మాట చేర్చాలి. గ్లైసీమిక్ సూచిక చక్కెర పెరిగే వేగాన్ని చెబుతుంది, కేలరీలను చెప్పదు. స్వర్ణలోనూ వంద గ్రాములకు దాదాపు అవే 350. కొర్రలకూ అంతే; పీచు ఎక్కువ కాబట్టి కొంచెంతో కడుపు నిండవచ్చు, కాని కంచం నిండా కొర్రన్నం తింటే కంచం నిండా అన్నం తిన్నట్టే. వండిన అన్నం చల్లారితే పిండిపదార్థంలో కొంత భాగం అరగని రూపంలోకి మారే మాట నిజం. ఆ భాగం చిన్నది, దాని మీద ఆధారపడి ఇంకో గరిటె వేసుకోకూడదు.

రెండో ప్రశ్నకు వస్తే, ఒక కిలో కొవ్వుకు 7,700 కేలరీలని, రోజుకు 250 తగ్గిస్తే నెలకు ఒక కిలో చొప్పున ఏళ్ళ తరబడి తగ్గుతూనే ఉంటామని చాలా చోట్ల రాస్తారు. అలా జరగదు. బరువు తగ్గిన కొద్దీ ఒంటి ఖర్చు కూడా తగ్గుతుంది. 2011లో హాల్ బృందం ఇచ్చిన లెక్క ప్రకారం, రోజుకు 24 కేలరీలు తగ్గించి అలాగే కొనసాగిస్తే చివరికి ఒక కిలో తగ్గుతుంది, అందులో సగం మొదటి ఏడాదిలో. ఆ లెక్కన రోజుకు 240 తగ్గించినవారు మొదటి ఏడాది అయిదు కిలోలు, మిగతా అయిదు ఆ తరువాత రెండు మూడేళ్ళలో తగ్గుతారు. మీ విషయంలో ఆ 240 ఎక్కడున్నాయో ఇప్పటికే కనిపిస్తోంది. చపాతీల మీది నూనె 160. నాలుగు టీలలో రెండేసి చెంచాల పంచదార, అంటే 40 గ్రాములు, మరో 160. టీలో పంచదార సగం చేసి, రాత్రికి అన్నం మీరు అనుకున్నట్టు తిన్నా చాలు. పునుగుల బండి వైపు వారానికి ఒకసారి వెళ్ళవచ్చు.

మీ ఎత్తుకు మీ బరువు ప్రకారం శరీర ద్రవ్యరాశి సూచిక (బీఎంఐ) 27.6. మన దేశస్థులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా పరిగణిస్తున్నారు. 25 కిందికి రావాలంటే మీరు 70 కిలోల దగ్గరికి చేరాలి. రోజూ తూకం యంత్రం ఎక్కకండి, ఉప్పు ఎక్కువ తిన్న మరునాడే అది మీతో అబద్ధం చెబుతుంది. దానికి బదులు నెలకోసారి దర్జీ టేపుతో నడుము కొలవండి. అట్టడుగు పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలిన తరువాత, పొట్ట లోపలికి బిగించకుండా చూడాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 హద్దు. ప్యాంటు నంబరును ఆ కొలతగా తీసుకోవద్దు. మనలో చాలామంది ప్యాంటు పొట్ట కిందనే కడతారు.